గంటకీ చేతికీ మధ్య

ఆఖరి పంటు ఎక్కేసరికి ఎనిమిదిన్నర.
నర్సాపురం రేవులో వశిష్ట పోటు మీదుంది.
విజిల్ ఇంకా మెళ్లోనే వేలాడుతోంది,
తియ్యడం మర్చిపోయాను.
టిక్కెట్లు కొట్టే కుర్రాడు దాన్ని చూసి
"ఏం మాస్టారూ, పంటు మీరు ఊదితేగాని కదలదా?" అన్నాడు.

ఆ చివర, మోటారుసైకిళ్ల వెనక,
రాజోలు కాలేజీ ఆడపిల్లలు పదకొండు మంది.
గెలిచుంటే ఈ ఇనప చట్రమంతా దద్దరిల్లేది.

యాభై రెండు, యాభై ఒకటి.
మంచు దిగి సిమెంటు కోర్టు చెమ్మగిల్లింది.
బజరు రెండో క్వార్టర్లోనే చచ్చిపోతే
స్కోరర్ల బల్ల పక్కన రైలుపట్టా ముక్క కట్టాం.
కొట్టడానికి చెల్లుబోయిన వారి అబ్బాయి,
ఒక చేతిలో స్టాప్‌వాచీ, ఇంకో చేతిలో సుత్తి.

మూడు సెకన్లుండగా
ఏడో నంబరు, నేలపూడి దీవెన, ఎడంచేతి వాటం,
ఇద్దర్ని తప్పించుకుని ఒంటికాలి మీద లేచింది.
బంతి రింగు చుట్టూ ఒక్క తిరుగుడు తిరిగి
లోపల పడింది.
గంట మోగింది.
అప్పుడే స్టేషన్లో ప్యాసింజరు కూత.

నియమం చిన్నదే:
కన్ను చేతి మీద, చెవి గంట మీద.
ఇరవై ఆరేళ్లుగా కుర్ర రిఫరీలకి నేనే నేర్పుతున్నాను.
నేను ఆ పిల్ల పాదం చూస్తున్నాను,
తడి మీద జారుతుందేమోనని.
అయినా నా రెండు చేతులూ లేచి
గుండె ముందు కత్తెరలా ఆడాయి.
చెల్లదు.

కుర్చీలు లేచాయి. ఫోన్లు లేచాయి.
వీడియో ఒకటే,
నర్సాపురం వాళ్లు చూస్తే ఆలస్యం,
రాజోలు వాళ్లు చూస్తే సమయానికే.
నేను చూస్తే స్తంభం అడ్డం.

"అటొడ్డు మనిషై ఉండి కూడా ధర్మం తప్పలేదు"
అని మైకులో చెప్పి నాకు శాలువా కప్పారు.
అది సంచిలో ఉంది. అట్టపెట్టెతో సహా.
అటొడ్డు మనిషిని కాబట్టే
చేతులు అంత తొందరగా లేచాయా?
ఈ ప్రశ్న మైకులో ఎవరూ అడగలేదు.

గేటు దగ్గర చెల్లుబోయిన కుర్రాడు
నా చొక్కా పట్టుకుని ఆపాడు:
"సున్నా నేను చూళ్లేదండి.
అందరూ అరిచారని కొట్టేశాను."

నది మధ్యకొచ్చేసరికి గాలిలో ఉప్పు తగిలింది.
గోదారి ఎక్కడ ఆగిందో, సముద్రం ఎక్కడ మొదలైందో
ఎవడు గీత గీస్తాడు అనుకున్నాను.
తర్వాత సిగ్గేసింది.
ఇలాంటివి ఓడినవాళ్ల ముందు అనుకోకూడదు.

దీవెన లేచి వచ్చింది.
వేరుశనక్కాయల పొట్లం నా వైపు చాపి
"మీకు కనపడిందాండీ?"
"లేదమ్మా."
పొట్లం వెనక్కి తీసుకోలేదు.
"నాకూ తెలీదండి, చేతిలోంచి ఎప్పుడు పోయిందో.
కానీ నన్నెవరూ అడగరుగా.
తెలీదని మీరు అక్కడే చెప్పొచ్చుగా?"

రూల్సు పుస్తకంలో అరవై దాకా సైగలున్నాయి.
ఫౌలుకి ఉంది, నడకకి ఉంది, నీళ్ల విరామానికి ఉంది.
తెలీదు అనడానికి లేదు.
ఆ మాటే చెప్పాను.
ఆ పిల్ల కాసేపు నా చేతుల వంక చూసి
"మళ్లీ ఏడు గంటన్నా మార్చండి" అంది.

సఖినేటిపల్లి రేవులో పలక దిగింది.
వాళ్ల బస్సు హారను కొడుతూనే ఉంది.
శనక్కాయలు నా దోసిట్లో మిగిలాయి.

ఇంట్లో మా ఆవిడ కంచం పెడుతూ
"ఎవరు గెలిచారు?" అంది.
"నర్సాపురం" అన్నాను.
ఆ మాట ఎంత స్పష్టంగా వచ్చిందంటే
నాకే భయమేసింది.