తీసిన చోటే

నాన్న పోయిన కబురు తేనెటీగలకి నేనే చెప్పాను.
మా కొండల్లో అదొక ఆనవాయితీ:
పెంచినవాడు పోతే పెట్టె తట్టి చెప్పాలి,
లేకపోతే అవి అలిగి వెళ్ళిపోతాయట.
ఏడు పెట్టెలు. తట్టడం, "ఆర్లిస్ పోయాడు" అనడం.
ఆరోదాని దగ్గర గొంతు పూడుకుపోయింది.
ఏడోదానికి పేరొక్కటే చెప్పగలిగాను.
మిగతాది అవే అర్థం చేసుకుని ఉంటాయి.

పత్రికలో నాలుగు వరుసలు వేశారు:
ఆర్లిస్ స్టిడమ్, భక్తుడు, ఐదుగురు పిల్లల తండ్రి,
ఇరవై రెండేళ్ళు బొగ్గుగనిలో పనిచేశాడు.
అబద్ధం ఒక్కటీ లేదు.
నాన్న కూడా లేడు అందులో.

ఒక ఏప్రిల్ పొద్దున గనిలోకి దిగబోయి
దీపం టోపీతోనే వెనక్కి నడిచి ఇంటికొచ్చేశాడు.
దారిలో డాగ్‌వుడ్ విరగబూసిందట,
చూడకుండా నేల కిందికి దిగితే
పూయించినవాడి మొహాన తలుపేసినట్టట.
అమ్మ పిండిడబ్బా అడుగు గీకుతూ
"అయితే రాత్రికి ఆ పూలే వండుతాను" అంది.
వండలేదులే. కానీ చాలా రోజులు
మొక్కజొన్న రొట్టె పల్చగా ఉండేది మా ఇంట్లో.

ఇంకోసారి పక్కబుట్ట మోటార్‌సైకిలెక్కి
సుత్తి కొనుక్కొస్తానని వెళ్ళి మూడోరోజు వచ్చాడు.
బుట్టలో మేక. మేక తలమీద
అమ్మ కోసం కొన్న ఆదివారం టోపీ.
"చలేసింది దానికి, రీవా."
అమ్మ ఆ టోపీని దులిపి
పదిహేనేళ్ళు చర్చికి పెట్టుకుంది.
సుత్తి సంగతి ఎవరూ అడగలేదు.

ఆదివారం మాత్రం ఎక్కడున్నా వచ్చేసేవాడు.
గోడిగ తప్పిన వాగు పక్కన మా చర్చి.
వాయిద్యాలుండవు. ఒకరు పాదం అందిస్తే
మిగతావాళ్ళు దాన్ని సాగదీస్తారు,
పొగమంచు లోయలో సాగినంత నెమ్మదిగా.
అందించేది నాన్నే.
బొగ్గు తిన్న ఊపిరి నడిమధ్యలో ఆగిపోయేది.
అప్పుడు గది గదంతా
ఆ ఒక్క అక్షరాన్నీ కింద పెట్టకుండా మోసేది,
ఆయనకి మళ్ళీ గాలి అందేదాకా.

ఎస్టిల్ కోంబ్స్ మా బటన్‌ని కాల్చాడు.
కోళ్ళ వెంట పడిందని. బటన్ ముసలి కుక్క,
దానికి కోడి కనిపించే కళ్ళే లేవు.
పదకొండు నెలలు నాన్న ఆ కంచె వైపు చూడలేదు.
కాళ్ళు కడిగే ఆదివారం వచ్చింది.
నడుముకి తువ్వాలు చుట్టి, బేసిన్ పట్టుకుని
అన్ని బల్లలూ దాటి వెళ్ళి
ఎస్టిల్ ముందు మోకరిల్లాడు.
ఎస్టిల్ కుడి బొటనవేలి గోరు నల్లగా ఉండడం
నేను కిటికీ దగ్గర్నుంచి చూశాను.
దాన్ని నాన్న రెండుసార్లు తుడిచాడు.
ఇంటికొస్తూ దారిలో నాతో అన్నాడు:
"క్షమించేశాననుకోకు. ఆ వేలు కాస్త గట్టిగానే తోమాను.
మిగిలింది దేవుడూ నేనూ చూసుకుంటాం."

నాన్న గొయ్యి తవ్వినవాళ్ళలో ఎస్టిల్ ఉన్నాడు.
ఎనభై దాటిన మనిషి. పార ఇమ్మంటే ఇవ్వలేదు.

నిన్న నాన్న కోటు జేబు వెతికాను.
మడతకత్తి, పిప్పరమెంటు బిళ్ళ,
రుమాల్లో మూటగట్టిన జిన్‌సెంగ్ గింజలు, ఎర్రగా, పదకొండు.
వేరు తవ్వుకున్నవాడు గింజ తిరిగివ్వాలి,
అదీ తీసిన చోటే, అనేవాడు.
ఆ చోటెక్కడో అమ్మకి చెప్పలేదు, మాకూ చెప్పలేదు.
ప్రార్థనలో కూడా ఆ మాట దగ్గర గొణిగేవాడు,
పక్కవాడు వింటాడని.

స్కూల్ బస్సు షెడ్డులో పెట్టి వస్తుంటే
కంచె దగ్గర ఎస్టిల్ నిలబడి ఉన్నాడు.
ఎందుకో మూట విప్పి చూపించాను.
చాలాసేపు చూశాడు.
"ఉత్తరపు వాలు. పిడుగు పడిన పోప్లర్ కింద.
ముప్పై ఏళ్ళుగా తెలుసు నాకు" అన్నాడు.
"ఒక్క వేరు ముట్టుకోలేదు."

ఇంకేమీ అనకుండా ముందు నడిచాడు,
కుడికాలు కొంచెం ఈడుస్తూ.