రెండో తలుపు

తెలుపు, ముదురాకుపచ్చ, మళ్ళీ తెలుపు.
ఏడో పొర గీకాక
అక్షరాలు తేలాయి:
"నల్లవారికి."
నా చేతిలో బ్లేడు ఆగింది.

ఇంజనీరు తల గోక్కున్నాడు.
మార్చికల్లా అలబామా ఈ మూల బస్సులన్నీ
ఈ పాత స్టేషన్‌కే రావాలి,
గడియారానికింకా ముళ్ళు లేవు,
ఇప్పుడిదొకటి.

ఒడెస్సా టాలివర్‌ని పిలిపించారు.
ఎనభై రెండేళ్ళు, చేతికర్ర.
అక్షరాలకేసి కాదు, నేలకేసి చూసింది.
"ఇక్కడే మా అమ్మ నన్ను
పెట్టె మీద కూర్చోబెట్టేది.
బెంచీ ఉండేది కాదు."

చెరిపేయమంటారా, అన్నాను.

"రాసినవాళ్ళకి లేని సిగ్గు నీకెందుకు బాబూ?
ఉండనీ.
డయాలసిస్‌కి పోయే పదకొండో నంబరు
ఏ తలుపు దగ్గర ఆగుతుంది?"

ఇంకా అనుకోలేదన్నాడు ఇంజనీరు.

ఆమె కర్రతో గడప మీద
రెండుసార్లు కొట్టింది.
"ఇక్కడ.
బెంచీ వేసి."