సుంకన్న

ట్యూబు కాలిపోయి నలభై రోజులు.
కొత్తది మద్రాసు రేవులో ఉందంట,
రోజుకింతని దాని బాడుగ గూడా మాదేనంట.

ఆదోని, పత్తి మార్కెట్టు ఎనకాల సందు.
ఎక్స్‌రే గదిలో ఫ్యాను ఒక్కటే పనిచేస్తాంది.
హమాలీ సుంకన్న చొక్కా ఇప్పి నిలబడినాడు,
రొమ్ము నిండా దూది నూగు.
"మిషనింకా బాగుకాలేదా సామీ?"
"సుంకం పెంచినారు, పెట్టె ఇడవలేదు."
"నా పేరు పెట్టినారే దానికి!"
నవ్వబోయి దగ్గినాడు, చానాసేపు.

బిల్లు చదివి చెప్పినా:
సరుకు ధర, దానిమీద సుంకం,
సుంకం మీద సెస్సు,
అంతా కలిపి మళ్లా పన్ను.
"గొర్రెల సంతలో గేటుకాడ చీటీ మాదిరా?
ఆడ అమ్ముడుపోకుంటే గదా ఇంటికి తోలుకపోతాం.
ఇది అమ్ముడుపోయినాక గూడా గేటు దాటదేంది?"

ఇట్లాంటివి మన దేశంలోనే చెయ్యాలంట, అందుకంట.
మంచి మాటే.
చేసే ఫ్యాక్టరీ యాడుందని ఫోన్‌లో అడిగితే
కంపెనీ పిల్లోడు "లైన్లో ఉండండి" అన్యాడు.
ఉన్నా.

మూడొందలు కొట్టేసి ఐదొందలని
గోడమీద సుద్దముక్కతో రాసింది నేనే.
సుంకన్నకు చదువు రాదు, అంకెలొస్తాయి.
చొక్కా తొడుక్కున్నాడు,
ఒక గుండీ తప్పు కాజాలో.

"పెట్టె వస్తే కబురంపు."
బయట లారీ, దేశం దాటే బేళ్లు.
నలుగురితో కలిసి కొక్కెమేసినాడు.
ఐలెస్సా అని ముగ్గురి గొంతే ఇనపడింది.