దూప

దేవరకద్ర టేసన్ల
పంపు డ్రైవర్ ఆశన్న బిడ్డను నేను.
లోకం రైలింజను పొగ చూసింది,
నేను దాని గొంతు చూసిన.

కొంగ మెడ తీరు వంగిన నీళ్ల గొట్టాన్ని తిప్పి
ఫైర్‌మన్ కుర్మయ్య టెండరు మీద నిలవడ్తడు.
మూత తీస్తడు.
ఇగ తాగుడే.
రెండువేల గ్యాలన్లు. మధ్యల ఒక్క గుటక ఆపదు.
నాయన లెక్క గ్యాలన్లల్ల,
అమ్మ లెక్క బిందెలల్ల.
ఒక బండి ఎన్ని బిందెలు తాగుతదో
ఏళ్ల మీద పెట్టుకుంట పెట్టుకుంట
సగంల ఇడిషిపెట్టేది.

ఇత్తడి పలక మీది అక్షరాలు
టేసన్ మాష్టర్ చదివి చెప్పిండు: గ్లాస్గో.
ఆడ యేడాది పొడుగూత ముసురేనంట.
అట్ల తడుసుకుంట పుట్టినదాన్ని తెచ్చి
మా ఎర్ర దుబ్బల కట్టేసిండ్రు.

ఆ యేడు జొన్న కంకి పట్టలే.
సగం ఊరు తట్టా పారా సర్దుకొని
మేస్త్రీ ఎంట ఏదో కట్టకు మన్ను మొయ్యవోయింది,
మా నీళ్లు తాగిన బండే ఎక్కి.
నేను బాయిల తేలిన మెట్లు లెక్కవెట్టేదాన్ని.
పదకొండు. పదమూడు.
ఒకనాడు పొద్దుగాల పదిహేడు.
పంపు చప్పుడు మారింది,
ముసలోళ్లు తెల్లారుజామున దగ్గినట్టు.
బండికి మాత్రం నీళ్లు తప్పొద్దని
పై నుంచి తారు వచ్చింది.
మాష్టర్ కాయితం చూపెట్టిండు,
నోరు తెరవలే.

రాత్రి గూడ్సు వచ్చే యాళ్లకు
ఆడోళ్లు పట్టాల అవుతల దిక్కు
చీకట్ల వరుస కట్టేది.
డ్రైవర్ జహంగీర్ సాబ్ అటు చూడడు.
చూడకుంటనే ఇంజెక్టర్ తిప్పుతడు.
సన్న గొట్టం నుంచి ఉడుకు నీళ్లు
బిందెల అడుగుకు తగిలి బుస్సుమనేది.
నూనె వాసన, బొగ్గు వాసన.
ఆ నీళ్లతోని కాచిన గట్కకు
రైలెక్కిన వాసన.
మా తమ్మునికి మొదటి తానం ఆ నీళ్లే.

"సాబ్, రిపోర్టు రాస్తరేమో" అన్నడు నాయన.
"రాయనీ. ఇంజనుకు చెమట పట్టిందని రాసుకొమ్మను."

నెలకోపారి షెడ్ల బాయిలర్ కడుగుతరు.
మంట సల్లారినంక కుర్మయ్య లోపలికి దూరి
గొట్టాల మీద సుత్తెతోని కొడ్తే
తెల్లటి పెచ్చులు రాలేది, మా నీళ్లల్లది.
ఒక పెచ్చు నాకు తెచ్చిచ్చిండు.
అమ్మ కాగు అడుగున అదే తెలుపు.
నాయన మోకాళ్లల్ల గుడ అదేనని
చానేండ్లకు డాక్టర్ ఫొటో ఎత్తిపట్టి చూపెట్టిండు.

ఇంకోటి చెప్పిండు కుర్మయ్య.
మంటపెట్టె నెత్తిన సీసం బిరడా ఉంటదంట.
నీళ్లు తక్కువైతే సీసం కరుగుతది,
ఉన్న కొంచెం నీళ్లూ ఆవిరీ
మంట మీద దుంకి దాన్ని సల్లార్పుతయి.
దూప పానం మీదికొస్తే
ఇంజను తనంత తానే పని బందు పెడ్తదంట.
"మరి మనకు?" అన్న.
పార అంచుకు అంటిన బొగ్గును
బొటనేలుతోని తుడుసుకుంట కూసున్నడు.

డీజిలొచ్చింది. దూప లేని బండ్లు
మా టేసన్‌ను చూడకుంట ఉరికినయి.
పంపు రూముకు తాళం.
నాయన ఆరు నెలలు రాత్రి రెండింటికి
లేచి కూసునేది, ఎవ్వరు పిలవకున్నా.

ఇప్పుడు ఇంట్ల నల్లా తిప్పితే కృష్ణ నీళ్లు.
ఆ పెచ్చు ఇంకా నా తాన్నే ఉంది,
నల్లా బిల్లుల మీద బరువుకు పెట్టిన.
పంకా తిరిగితే కాయితాలు కొట్టుకుంటయి.
అది కదల్దు.