తువ్వాల కింద

రాయదుర్గం బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీ.
కండక్టరు చిల్లర ఒళ్ళోకి విసుర్తాడు, చేతికియ్యడు.
తోళ్ళ హుస్సేనప్ప దిగినాడంటే
ముందు వాసన దిగుతుంది,
ఆనక నేను.

హగరికి ఈ గట్టున తెలుగు, ఆ గట్టున కన్నడం,
నడుమ ఇసుక. ఇసుకకు ఏ బాసా రాదు.
నా సైకిలుకు రెండూ వచ్చు.
పోయేటప్పుడు ఉప్పు మూట,
వచ్చేటప్పుడు తోళ్ళ కట్ట.
చెక్‌పోస్టు కాడ జవాను గోనెపట్ట ఎత్తి,
ముక్కు మూసుకొని, "పో, పో" అనేవాడు.
ఆ వాసనే నాకు పర్మిట్టు.

చెయ్యి పెడితే చాలు, చెప్తా.
ఇది దేవరకు కొట్టిన పొట్టేలు, ఒకటే వేటు.
దీన్ని తోడేలు పట్టింది, మెడ కాడ నాలుగు బొక్కలు, సగం ధర.
ఇది ఈనలేక పోయింది.
ఇది మందు కొట్టిన చెనిక్కాయ కట్టె తిన్నది.
ఇది ఆకలికి పోయింది.
ఆకలి తోలు పల్చన,
దీపం ముందర పట్టితే
అవతలి మనిషి కనపడతాడు.

బీరప్ప గుడిలో డోళ్ళకు తోళ్ళు నావే.
అవి లోపల మోగుతాయి,
నేను చెప్పులు విడిచిన కాడ కూచొని వింటా.

బేరానికి నోరు పనికిరాదు,
పక్కోడు వింటే ధర చెడుతుంది.
భుజమ్మీది తువ్వాల ఇద్దరి చేతుల మీద కప్పి
ఒక వేలు పట్టితే పది,
నాలుగు కలిపి పట్టితే నలభై,
అరచేతిలో గీరితే ఇంకో అయిదు.
మా నాయన నాకు అక్షరాలు నేర్పలే,
వేళ్ళు నేర్పినాడు.

కురబల గాదిలింగప్పతో
పద్దెనిమిదేండ్లు ఇట్లే మాట్లాడినా.
ఆయప్ప వేళ్ళు ఉన్ని జిడ్డుకు మెత్తన,
నావి ఉప్పుకు పగిలి గరుకు.
ఆయప్ప ఒక వేలు ఎక్కువ పట్టేవాడు,
నేను విడిపించుకునేవాణ్ణి,
మళ్ళీ పట్టేవాడు.
పైకి మాత్రం ఇద్దరం ఆకాశం దిక్కు చూసేవాళ్ళం
వాన సంగతి మాట్లాడుకుంటున్నట్టు.

ఆ యేడు వాన సంగతి ఎవరూ ఎత్తలే.
మబ్బు వచ్చింది, జవాను మాదిరి
ఎత్తి చూసి పోయింది.
కరువులో నాకు పని ఎక్కువ.
ఈ ముక్క బయటికి చెప్పడానికి ఇన్నేండ్లు పట్టింది.
ఊర్లో పొయ్యిలు ఆరితే
నా ఇంటి ముందర తోళ్ళు ఆరినాయి.
రాణిపేట షావుకారు జాబు రాసినాడు:
ఇంక పంపొద్దు, తంగేడు చెక్కకన్నా తోలే చవక.

గాదిలింగప్ప కబురు పెట్టినాడు.
కణేకల్లు అవతల ఇసుక దిబ్బ మీద
ముప్పై ఏడు తోళ్ళు
మంద పడుకున్నట్టే పరిచినాడు,
మెడలన్నీ ఒకే దిక్కుకు.
నేను లెక్కబెడతా పోతున్నా.
ఆయప్ప పెండ్లాం ఈరక్క పేర్లు పిలుస్తా వస్తా ఉంది:
కాటిది, బోడిది, చుక్కమూతిది, పెండ్లినాడు పుట్టింది...
ఆమె పేర్లూ నా లెక్కా
ఒక్కసారే అయిపోయినాయి.

తువ్వాల కప్పినాము.
ఒక వేలు పట్టినా. నిజంగా అంతే పలికేది.
ఆయప్ప ఏ వేలూ పట్టలే.
నా చెయ్యి మొత్తం పట్టుకున్నాడు.
విడవలే.
ఆ లెక్క మా నాయన నాకు నేర్పలే.
వణికింది ఎవరి చెయ్యో తువ్వాలకే తెలుసు.
ఈరక్క అటు తిరిగి గిన్నె తోముతా ఉండింది,
ఇసుకతో, వట్టి ఇసుకతో.

నేను ఒక వేలు ధరే ఇచ్చినా.
అబద్ధం ఎందుకు?
ఆ తోళ్ళు అమ్ముడుపోలే, పురుగు పట్టినాయి, అది వేరే మాట.

మూడో యేడు, రాయదుర్గం సంతలో
వెనక నుంచి తువ్వాల వచ్చి నా చేతి మీద పడింది.
ఆయప్పే. చంకలో ఒకే ఒక్క తోలు.
నాలుగు వేళ్ళు పట్టి, పైన గీరినాడు.
"దొంగనాయాలా" అన్నా, నోరు తెరిచి, సంతంతా వినేట్టు.
ఆయప్ప కన్నడంలో ఇంకా పెద్దది తిట్టినాడు.
పొద్దు గుంకేదాకా తెగలే.

రాత్రి ఇంట్లో ఆ తోలును
దీపం ముందర పట్టి చూసినా.
అవతల ఏమీ కనపడలే.