రెండు సున్నలు, నడుమ ఒక గీత

సిరొంచ బస్టాండు వెనక
జిరాక్సు తీసి, లామినేషను చేసి,
సాత్‌బారా కాయితాలిచ్చే కొట్టు నాది.
కంప్యూటరు చంద్రపూర్‌ల ఎవరో వాడి వదిలేసింది.
స్పేస్ మీట మీద ఆ మనిషి బొటనవేలి గుంత
ఇంకా ఉంది, నా వేలు అందులోనే కూసుంటది.
నెట్టు మబ్బును బట్టి వస్తది.

ఒక్క పొలం కాయితానికి
జిల్లా ఎంచు, తాలూకా ఎంచు, ఊరు ఎంచు.
తెల్లచక్రం తిరుగుతుంటే
బెంచీ మీదోళ్లు నా మొహంలకు చూస్తరు
నేనేదో దాచినట్టు.

శ్రావణంల మూడు దినాలు ముసురు పట్టి
గిరాకీ లేనప్పుడు
సెట్టింగుల లోపలికి దిగిన.
అక్కడ మూడు ఖాళీ గళ్లు:
పేరేంది, పొట్టిపేరేంది, పోవాల్సిన తొవ్వేంది.
తొవ్వ చానా పొడుగు,
చుక్కలు, అడ్డగీతలు, ప్రశ్నగుర్తులు
దాటుకుంట దాటుకుంట పోతది.
మనిషి అడిగే మాట ఎక్కడ పడాల్నో
అక్కడున్నది తీసేసి
శాతం గుర్తు, పక్కన చిన్న ఎస్.
అంతే.

ఇప్పుడు పైపట్టీల
ఎమ్ కొట్టి స్పేస్ కొడితే మిర్చి ధర.
బి అంటే అహేరి బస్సు.
ఎన్ కొట్టి రేవు పేరు రాస్తే
నది ఎంత ఎత్తు పారుతున్నదో.
ఎస్ అంటే సాత్‌బారా.
కె మాత్రం మా తమ్ముడు కబడ్డీకి పెట్టుకున్నడు,
అడగకుండనే.

సంత నాడు గొడిసెల ఎల్లుబాయి వచ్చింది.
కొంగు ముడి విప్పి కార్డు తీసింది,
చెమటకు కవరు అంటుకుపోయి
ఫోటోల ఆమె సగమే కనపడుతున్నది.
ఎస్ కొట్టిన, స్పేస్ కొట్టిన, పేరు కొట్టిన.

మరాఠీల పొట్టి ఎ లేదు, పొట్టి ఒ లేదు.
తలాఠీ పుస్తకంలకు పోయేటప్పుడు
మా పేర్లు కొంచెం సాగుతయి:
గొడిసెల పోయి గోడీసేలా,
ఎల్లు పోయి యేలూ.

"నావ్ సాపడలే నాహీ" అన్నది తెర.
పైకి చదివిన.
"నావ దొరకలేదా?" అన్నది ఎల్లుబాయి,
"నావెందుకే బిడ్డా, బ్రిడ్జి పడ్డది గదా!"
బెంచీ బెంచీ నవ్వింది.
ముప్పై ఏండ్లు మరాఠీల బేరమాడిన మనిషి
తెల్వక అన్నదో, తెలిసే అన్నదో
ఆ మొహం చూస్తే తేలలేదు.

యేల్లూబాయి. యెలుబాయి. ఎల్లాబాయి. యేలుబాయ్.
ఇదివరకు ఒక్క 'లేదు'కు పావుగంట పట్టేది.
ఇప్పుడు చిటికెల చెప్తది, లేదని.
ఇది లాభమో కాదో నాకైతే తెల్వదు.

ఆరోసారి దొరికింది.
యలుబాయి, భర్త బానయ్య, మయ్యత్.
ఎకరం చెలక
హెక్టారు లెక్కల సున్నా పాయింటు నాలుగు.
ప్రింటు వెచ్చగా బయటికొస్తే
ఆమె కాయితాన్ని చెంపకు ఆనించి చూసింది,
రొట్టె కాలిందా అన్నట్టు.

మళ్ల వస్తే ఆరుసార్లు తిప్పలెందుకని
ఆమె కోసమే ఒక పొట్టిపేరు కడదామనుకొని
సెట్టింగులు తెరిచిన.
"అగో, ఆ వంకర గీతేంది?"
అటొక సున్న, ఇటొక సున్న, నడుమ వాలుగా గీత.
ఇన్ని దినాలు శాతమనే చూసిన.
ఆమె వేలు పెట్టినంక
అది ప్రాణహిత లెక్క కనపడ్డది,
ఒక ఒడ్డున మేము, ఇంకో ఒడ్డున మా పెండ్లి సంబంధాలు.

"అడిగినోళ్ల పేరు పడే జాగ అవ్వా అది.
అందుకే ఏం రాయకుండ ఉంచిన.
నీ పేరు ఆడ రాసిపెట్టనా?
ఎప్పుడు కొట్టినా నువ్వే వస్తవు."

ఎల్లుబాయి వెనక్కి తిరిగి బెంచీ దిక్కు చూసింది.
ఒడిల సంచులు, ఒకరి చేతిల కోడి,
ఒకడు నిలబడే నిద్రపోతున్నడు.

"వద్దు తియ్" అన్నది,
"ఖాళీగనే ఉండనీ.
ఎనక మనుషులున్నరు."