తూము ఎత్తినాక

రాత్రి రెండూ పదికి
గోడలోని గాలిగొట్టం ఒకసారి దగ్గి
ప్లాస్టిక్ డబ్బాను బుట్టలోకి ఉమ్మేసింది.
పసుపు మూత ఒకటి, ఊదా మూత ఒకటి.
చేతి తొడుగులోంచి కూడా తెలిసింది
ఇంకా ఆరని ఒంటి వేడి.

లేబుల్ మీద: బెన్షలాయా. మగ. నలభై నాలుగు.
ఏ దేశపు పేరో అనుకున్నా.
ఫర్వానియాలో రాత్రిపూట
నెత్తురుకు ఊరుండదు,
సివిల్ ఐడీ అంకెలే.

పది నిమిషాలు గిరగిర తిప్పితే
ఎరుపు అడుక్కి దిగి
లేత బంగారం పైకి తేలింది.
ట్రోపోనిన్: అరవై ఒకటి.
పొటాషియం: మూడుకు కాస్త పైన.
చక్కెర: దాదాపు పన్నెండు.
తీపి తిని కాదు,
భయపడ్డ ఒళ్ళు తన గాదె తానే తెరుచుకుంటుంది.

పైన అప్పటికే
అతని మణికట్టులోంచి ఒక తీగ పాకి
పూడిన చోట చిన్న బుడగ ఊది
వెంట్రుకంత స్టెంటు నిలబెట్టి వచ్చేసిందట.
నేను చూడలేదు.
నేనెప్పుడూ చూడను.
నా దగ్గరికి మనుషులు మూతల రంగుల్లో వస్తారు.

ఐదుకు మళ్ళీ డబ్బా.
నాలుగు వేల ఎనిమిది వందలు!
మిషన్ మీద అనుమానమొచ్చి మళ్ళీ పెట్టా,
నాలుగు వేల ఏడువందల తొంభై.
ఎనిమిదిన్నరకి పంతొమ్మిది వేలు,
పక్కన ఎర్ర నక్షత్రం.
దారి తెరిచారు కదా,
మరి ఇదేమిటి?

ఫోన్ చేస్తే ఈజిప్టు డాక్టరమ్మ
నిద్రలేని గొంతుతో నవ్వింది.
"తెరుచుకుంది కాబట్టే" అంది.

మా నాన్న చెయ్యేటి కాలువ మీద లస్కరు.
మూడేళ్ళ ఎండు తర్వాత నీళ్ళొదిలిన నాడు
నన్ను గట్టున నిలబెట్టి షట్టరు తిప్పాడు.
ముందు వచ్చింది నీళ్ళు కాదు.
నల్లటి బురద, కుళ్ళిన తుంగ,
ఎండి అట్టగట్టిన కప్పలు, ఎవరిదో ఒంటి చెప్పు.
నేను ముక్కు మూసుకుంటే
"తొలి నీళ్ళు తాగొద్దమ్మీ,
అట్లని ఈ మురికి చూసి తూము దించొద్దు" అన్నాడు.

చచ్చిన కండ కూడా అంతే కాబోలు,
మూసి ఉన్నంతసేపూ గుట్టుగా అక్కడే ఉండి
దారి దొరికాకే లెక్కకొస్తుంది.

అప్పుడు మళ్ళీ చూశా లేబుల్.
అరబ్బీలో 'ప' లేదు.
'చ' లేదు.
బెన్షలాయా, బెన్షలాయా అని
నోట్లో నాలుగుసార్లు నానేస్తే
పెంచలయ్య!
పెనుశిల కొండకు మొక్కుకుంటే పుట్టినవాడు,
మా దిక్కు మనిషి.

మర్నాటి రాత్రి రెండింటికి వచ్చిన గొట్టంలో
బంగారం గులాబీకి తిరిగింది.
సూది మొరటుగా గుంజితే కణాలు పగిలి
లేని పొటాషియం ఉన్నట్టు చెబుతాయి.
మళ్ళీ తియ్యాలి.
నర్సు మారిసెల్‌కు ఆరుగురు రోగులు, రెండే చేతులు.
ఏడేళ్ళలో మొదటిసారి
నాలుగో అంతస్తుకు నేనే ఎక్కా.

రొట్టెల పొయ్యి దగ్గర పదకొండేళ్ళు.
ముంజేతుల మీద ఒక్క వెంట్రుక లేదు,
నరం తనంతట తానే కనిపించింది.
నేను తెలుగులో "పిడికిలి బిగించండి" అనగానే
బిగించాల్సిన పిడికిలి వదిలేసి
నా మొహం కేసి చూశాడు.

"ఇంగా ఎంత తీస్తారక్కా? ఏం కనపడతాదందులో?"

చచ్చిపోయింది ఎంతో కనపడుతుంది
అని అనలేదు.
"నీళ్ళు తేరుకుంటా ఉండాయి" అన్నా.
ఆయన కాసేపు పైకప్పు చూసి
"పిండి కలిపి పెట్టొచ్చినా,
ఈపాటికి పులిసి పొంగి గిన్నె దాటుంటాది" అన్నాడు.

పదకొండు వేలు. దిగుతోంది.
క్రియాటినిన్ కొంచెం ఎక్కింది,
ఎక్స్‌రే మందును వడకట్టి వడకట్టి
మూత్రపిండాలు అలసినట్టున్నాయి.
రేపు చూడాలి.

రిపోర్టు పంపే ముందు పేరు దిద్దబోయా.
కంప్యూటర్ ఒప్పుకోలేదు.
నా డ్యూటీ పుస్తకం మార్జిన్లో
పెన్నుతో రాసుకున్నా:
పెంచలయ్య. పొటాషియం నాలుగు.